ఇరుక్కుపోయినా ఇబ్బంది పడని చోటు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరం. అక్కడో తెలుగు కుటుంబం ఉందనుకోండి. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు. నాన్నకి పైలట్ లైసెన్సు ఉంది. మరో ఇద్దరితో కలిసి కొనుక్కున్న నాలుగు సీట్ల సెస్నా 172 విమానమూ ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తమ్ముడు ఇల్లు కొన్నాడు. ఆదివారం ఉదయం 9 గంటల 12 నిమిషాలకు గృహప్రవేశం. 'అన్నయ్యా, పీటల మీద మేం కూర్చున్నా పక్కన నువ్వూ వదినా ఉండాలి' అని తమ్ముడు ముందే చెప్పేశాడు.

కారులో వెళ్తే ఎనిమిది గంటల పైమాటే. సొంత విమానంలో అయితే గాల్లో ఉండేది మూడున్నర గంటలు. ఇంకేం, బ్యాగులు సర్దుకుని ఎగిరిపోవడమే అనిపిస్తుంది. కానీ అసలు పని అక్కడే మొదలవుతుంది. ఎక్కడ దిగాలి? మధ్యలో ఎక్కడ ఆగాలి? దిగిన చోట పెట్రోలు దొరుకుతుందా? విమానం ఎక్కడ కట్టేయాలి? ఊళ్లోకి వెళ్లడానికి కారు ఉంటుందా? రాత్రి ఎనిమిదింటికి చేరితే గేటు తీసేవాళ్లుంటారా?

టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేవాళ్లకి ఈ బాధలేవీ ఉండవు. ఎయిర్‌లైన్సు ఎక్కడ దింపితే అక్కడ దిగుతారు. సొంత విమానం ఉన్నవాళ్లకు మాత్రం దిగే చోటు ఎంచుకోవడమే సగం ప్రయాణం.

ఐదు వేల గుమ్మాలు

అమెరికాలో అందరూ వాడుకోదగ్గ విమానాశ్రయాలు సుమారు ఐదు వేలున్నాయి. వాటిలో ఎయిర్‌లైన్సు విమానాలు వచ్చిపోయేవి దాదాపు ఐదొందలే. మిగతావన్నీ మనకు పేరు కూడా తెలియని చిన్న చిన్నవి. కొన్నింటికి కంట్రోల్ టవర్ ఉండదు. పైలట్లే రేడియోలో 'నేనిక్కడున్నాను, దిగబోతున్నాను' అని ఒకరికొకరు చెప్పుకుంటూ దిగుతారు. కొన్నింట్లో పెట్రోలు బంకు దగ్గర మనిషే ఉండడు. కార్డు గీకి, పైపు తీసుకుని, మనమే పోసుకోవాలి.

మనుషులుండి సేవలందించే చోటికి అక్కడో పేరుంది... ఎఫ్‌బీవో. పూర్తిగా చెప్పాలంటే 'ఫిక్స్‌డ్ బేస్ ఆపరేటర్'. ఈ వింత పేరు వెనక ఓ కథ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక మిగిలిపోయిన విమానాలను చవగ్గా కొనుక్కుని కొందరు పైలట్లు ఊరూరా తిరిగేవారు. పొలంలో దిగడం, విన్యాసాలు చూపించడం, డబ్బులు తీసుకుని జనాన్ని ఓ చుట్టు తిప్పడం, మరో ఊరికి ఎగిరిపోవడం. 1926లో విమానాలకీ పైలట్లకీ లైసెన్సులు ఉండాలని చట్టం వచ్చింది. దాంతో చాలామంది తిరుగుడు మానేసి, ఒక చోట స్థిరపడి, పెట్రోలు అమ్ముతూ, మరమ్మతులు చేస్తూ, విమానం నడపడం నేర్పుతూ బతకడం మొదలుపెట్టారు. తిరిగేవాళ్లు కాదు, స్థిరంగా ఒక చోట ఉండేవాళ్లు అని చెప్పడానికి ఆ పేరు పడిందంటారు.

ఇప్పటి ఎఫ్‌బీవో అంటే పెట్రోలు బంకు, పార్కింగ్ స్థలం, వెయిటింగ్ రూమ్, బాత్‌రూమ్, టాక్సీ స్టాండు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నట్టు. మంచివాటిలో కాఫీ, పైలట్లు కునుకు తీయడానికి సోఫాలు, వాతావరణం చూసుకోవడానికి కంప్యూటరు ఉంటాయి. కొన్నిచోట్ల ఓ పాత కారు కూడా ఉంటుంది. ఊళ్లోకెళ్లి భోంచేసి రండి అని తాళాలు చేతికిస్తారు. తిరిగొచ్చేటప్పుడు అందులో పెట్రోలు కొట్టించి పెట్టడం మర్యాద.

దగ్గరున్నదే మంచిదా?

ఎడిసన్ చుట్టూ విమానాశ్రయాలకు కొదవలేదు. మ్యాపులో చూస్తే నెవార్క్ సుమారు 28 కిలోమీటర్లు. అక్కడ చిన్న విమానం దిగకూడదనేమీ లేదు. కానీ పెద్ద పెద్ద బోయింగుల వరసలో మన సెస్నా... జాతీయ రహదారి మీద లారీల మధ్య సైకిలు తొక్కినట్టుంటుంది. రుసుములూ అదే స్థాయిలో ఉంటాయి.

టెటర్‌బరో పేరున్నది. న్యూయార్కులోని మన్‌హాటన్‌కి 19 కిలోమీటర్లే కాబట్టి కోటీశ్వరుల జెట్లన్నీ అక్కడే దిగుతాయి. లక్ష పౌండ్ల బరువు దాటిన విమానాలను అక్కడికి రానివ్వరు. అయినా అది జెట్ల రాజ్యమే. పైగా ఎడిసన్ నుంచి చూస్తే అది న్యూయార్కు వైపు దూరంగా ఉంది. పేరు చూసి అక్కడ దిగితే డబ్బూ పోతుంది, ట్రాఫిక్‌లో సమయమూ పోతుంది.

వీటిలో దగ్గరిది లిండెన్, నేరుగా 18 కిలోమీటర్లు. రన్‌వే నాలుగు వేల అడుగుల పైనే. కానీ అది నెవార్కు గొడుగు కిందే ఉంటుంది. ఎత్తు కాస్త పెరిగినా నెవార్కు గగనతలంలోకి వెళ్లిపోతారు. అందులోకి వెళ్లాలంటే ముందు కంట్రోలరు అనుమతి చెవిన పడాలి. లిండెన్‌కి టవర్ కూడా లేదు. అలవాటున్నవాడికి నల్లేరు మీద నడక. ఒహాయో నుంచి మొదటిసారి వచ్చేవాడికి, అదీ వెనక సీట్లో పిల్లలు 'నాన్నా, ఇంకెంతసేపు?' అంటున్నప్పుడు, తల తిరిగిపోయే పని.

ప్రిన్స్‌టన్ 25 కిలోమీటర్లు. రన్‌వే 3,500 అడుగులు. టవర్ లేదు గానీ గగనతలం అంత ఇరుకు కాదు. ప్రైవేటు వాళ్లదే అయినా అందరూ వాడుకోవచ్చు. మోరిస్‌టౌన్ 31 కిలోమీటర్లు. అక్కడ టవర్ ఉంది, దాదాపు ఆరు వేల అడుగుల రన్‌వే ఉంది, మబ్బు పట్టినా పరికరాల సాయంతో దిగే ఏర్పాటుంది. జెట్లొచ్చే చోటు కాబట్టి ఖర్చు ఎక్కువ.

లిండెన్‌కీ ప్రిన్స్‌టన్‌కీ తేడా ఏడు కిలోమీటర్లు. తమ్ముడు కారు తెస్తే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ఆశపడి తెలియని ఇరుకు గగనతలంలోకి దూరాలా? అనుభవమున్న పైలట్లు వద్దనే అంటారు. ఎండగా, ప్రశాంతంగా ఉంటే ప్రిన్స్‌టన్. మబ్బు పట్టేలా ఉంటే, పరికరాలతో నడిపే అర్హత పైలట్‌కి ఉంటే మోరిస్‌టౌన్. అర్హత లేకపోతే ఆరోజు ఎగరకపోవడం. ఇదీ లెక్క.

రన్‌వే పొడవు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. విమానం పుస్తకంలో రాసిన దూరం కొత్త విమానానికి, కంపెనీ పైలట్‌కి వచ్చిన అంకె. దానికి మరో సగం కలుపుకుని చూసుకోమంటారు అక్కడి భద్రతా నిపుణులు. ఎండాకాలం మధ్యాహ్నం గాలి పలచబడుతుంది. అదే విమానానికి అదే బరువుతో ఎక్కువ రన్‌వే కావాలి.

వెండి కుందులూ ఓ లెక్కే

సెస్నా 172 కొత్త మోడళ్లలో గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు, అంటే సుమారు 1,157 కిలోలు. ఖాళీ విమానం బరువు పోను మనుషులకీ, సామానుకీ, పెట్రోలుకీ కలిపి మిగిలేది సుమారు 395 కిలోలు. ట్యాంకుల్లో వాడుకోదగ్గ పెట్రోలు 53 గ్యాలన్లు, అంటే రెండొందల లీటర్లు. అది నింపితే 144 కిలోలు. ఇక మిగిలింది 250 కిలోలు.

నాన్న 80, అమ్మ 62, పిల్లలు 38, 28. మొత్తం 208. సామానుకి 42 కిలోలు మిగిలాయి. బట్టల పెట్టె, పట్టుచీరలు, తమ్ముడికి కానుకగా వెండి కుందులు, పూతరేకుల డబ్బాలు... తూకం వేయకుండా సర్దితే ఇట్టే దాటిపోతుంది. 'ఒక్క బ్యాగే కదా' అనే మాట ఇక్కడ చెల్లదు. అమ్మమ్మ కూడా వస్తానంటే సీటే లేదు.

ఈ లెక్కకీ విమానాశ్రయం ఎంపికకీ సంబంధం ఉంది. మధ్యలో ఆగి పెట్రోలు పోయించుకుంటే ట్యాంకు నింపుకుని బయల్దేరక్కర్లేదు. బరువు తగ్గుతుంది. పగటిపూట గమ్యం చేరాక ఇంకో అరగంటకు సరిపడా పెట్రోలు మిగలాలని చట్టం. పిల్లలతో వెళ్లేవాళ్లు గంటకు తక్కువ కాకుండా చూసుకుంటారు. అదీగాక ఆ విమానంలో బాత్‌రూమ్ ఉండదు. రెండు గంటలకోసారి నేల మీద కాలు పెట్టక తప్పదు.

ఆగే చోటే అసలు చోటు

కొలంబస్ నుంచి తూర్పుకి వస్తే పెన్సిల్వేనియాలో అలిగెనీ కొండలు అడ్డొస్తాయి. 1919లో న్యూయార్కు, క్లీవ్‌లాండ్ మధ్య ఉత్తరాలు మోసిన విమానాలు ఆ కొండల్లోని బెల్‌ఫాంట్ అనే ఊళ్లో దిగి పెట్రోలు పోయించుకునేవి. మబ్బుల్లో కొండల్ని గుద్దుకుని పైలట్లు చనిపోతుండేవారు. ఆ దారికి వాళ్లు పెట్టుకున్న పేరుకి అర్థం 'నరకపు దారి'. విమానాలు మారాయి. ఆ కొండలూ మబ్బులూ మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ దారిలో ఆగడానికి పిల్లల ఓటు లాక్‌హేవెన్‌కి. 1937 నుంచి 1984 దాకా పైపర్ కంపెనీ తన చిన్న విమానాలను తయారుచేసింది ఆ ఊళ్లోనే. పసుపురంగు 'కబ్' విమానం పుట్టిల్లు అది. విమానాశ్రయం పక్కనే మ్యూజియం కూడా ఉంది. 3,800 అడుగుల రన్‌వే సెస్నాకు ధారాళంగా సరిపోతుంది. ఆకాశం నీలంగా ఉన్న రోజున అంతకంటే మంచి విడిది ఉండదు.

కానీ ఆకాశం నీలంగా లేకపోతే? అది నదీలోయ. చుట్టూ కొండలు. మబ్బు దిగిందంటే అక్కడే ఉండిపోవాలి. అక్కడి నుంచి కారులో ఎడిసన్ వెళ్దామంటే అప్పటికప్పుడు అద్దె కారు దొరుకుతుందో లేదో చిన్న ఊళ్లో చెప్పలేం.

అక్కడికి కాస్త నైరుతిగా, ఆ బెల్‌ఫాంట్‌కి దగ్గర్లోనే, స్టేట్ కాలేజ్ విమానాశ్రయం ఉంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు. ఎయిర్‌లైన్సు విమానాలు కూడా వస్తాయి. టవర్ ఉంది, పొడవాటి రన్‌వే ఉంది, మబ్బుల్లో దిగే ఏర్పాటుంది. ముఖ్యంగా అద్దెకార్లున్నాయి, హోటళ్లున్నాయి. కొలంబస్ నుంచి రెండు గంటలు. అక్కణ్నుంచి ప్రిన్స్‌టన్‌కి ఇంకో గంటంబావు. వాతావరణం మొండికేస్తే విమానాన్ని అక్కడే కట్టేసి, నాలుగు గంటల్లో కారులో ఎడిసన్ చేరిపోవచ్చు.

కుటుంబంతో వెళ్లేవాళ్లు చూడాల్సింది ఇదే. అన్నీ బాగున్నప్పుడు ఏది సరదాగా ఉంటుంది అన్నది కాదు. ఇరుక్కుపోతే ఎక్కడ ఇబ్బంది పడకుండా ఉంటాం అన్నది. పోయేటప్పుడు స్టేట్ కాలేజ్. ముహూర్తాల తొందర లేని తిరుగు ప్రయాణంలో, ఎండ కాస్తే, లాక్‌హేవెన్. మ్యూజియం ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని వెళ్తే సరి.

ఫోను చేయాల్సిందే

విమానాశ్రయం ఖాయమయ్యాక ఎఫ్‌బీవోకి ఫోను. వెబ్‌సైట్లలో ధరలుంటాయి, పైలట్లు రాసిన అభిప్రాయాలుంటాయి. అవి చదవాలి. కానీ ఒక్క ఫోను కాల్‌తో తేలిపోయే విషయాలు వేరే ఉంటాయి.

మొదటిది, వేళలు. ఎన్నింటికి మూస్తారు? మూశాక వస్తే మనిషిని పిలిపించడానికి ఎంత తీసుకుంటారు? రాత్రి గేటు కోడ్ ఏమిటి? ఇది అడక్కుండా వెళ్లి, కంచెకి అవతల తమ్ముడు, ఇవతల అన్న, మధ్యలో తాళం... అలాంటి అవస్థ పడిన పైలట్లు ఎందరో.

రెండోది, రుసుములు. దిగినందుకు ఒకటి, నిలిపినందుకు ఒకటి, రాత్రి ఉంచినందుకు ఒకటి, 'సేవల'కు ఇంకొకటి. ఇన్ని గ్యాలన్లు పోయించుకుంటే వీటిలో కొన్ని మాఫీ అంటారు. ఎన్ని గ్యాలన్లో ముందే అడగాలి. ఒకే విమానాశ్రయంలో స్వయంగా పోసుకునే పంపు దగ్గర ఓ ధర, ట్యాంకరు మన దగ్గరికే వస్తే మరో ధర. గ్యాలనుకి డాలరుకు పైగా తేడా ఉండే చోట్లున్నాయి. కొన్నిచోట్ల ఒకే ఎఫ్‌బీవో ఉండటంతో అడిగినంత ఇచ్చుకోవాల్సి వస్తోందని 2017లో అక్కడి పైలట్లు, విమాన యజమానుల సంఘం పెద్ద గొడవే చేసింది. ప్రభుత్వ నిధులు తీసుకున్న విమానాశ్రయాల్లో షరతులు సహేతుకంగా ఉండాలన్నది నిబంధన. 'సహేతుకం' అంటే ఎంతన్నదే తగువు.

మూడోది, పెట్రోలు. సెస్నాలాంటి పిస్టన్ ఇంజిన్లకు పోసేది '100 ఎల్ఎల్' అనే సీసం కలిసిన పెట్రోలు. నీలంగా ఉంటుంది. జెట్లకు పోసేది కిరోసిన్ జాతిది. అది పిస్టన్ ఇంజిన్లో పడిందా, ఎగిరాక ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే పోస్తున్నంతసేపూ పైలట్ దగ్గరే నిలబడాలి. తర్వాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు గొట్టంలోకి తీసి రంగు చూడాలి, నీళ్లున్నాయేమో చూడాలి. కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీ 2022 జనవరి నుంచి తన విమానాశ్రయాల్లో ఈ సీసం పెట్రోలు అమ్మడం ఆపేసింది. మున్ముందు ఈ మార్పు మిగతా చోట్లకీ వస్తుంది కాబట్టి, ఏ పెట్రోలు దొరుకుతుంది, అది తన ఇంజినుకి పనికొస్తుందా అన్నదీ అడిగి తెలుసుకోవాల్సిన విషయమే.

నాలుగోది, పార్కింగ్. విమానాన్ని నేలకి కట్టే తాళ్లు, కొక్కేలు ఉన్నాయా? వడగళ్ల వాన వచ్చేలా ఉంటే హ్యాంగర్లో చోటిస్తారా? ఐదోది, కారు. అద్దెకారు ఎఫ్‌బీవో గుమ్మం ముందుకే తెప్పిస్తారా? ఊరి కారు ఉంటే ఎంతసేపు వాడుకోవచ్చు?

ఆఖరున ఇంకోటి. ఆ ఫోన్లో మాట తీరు. 'మీ విమానం నంబరు చెప్పండి, పిల్లలు చిన్నవాళ్లా, సరే, మెట్ల దగ్గరికే బండి పంపిస్తాం' అనే గొంతు వినిపిస్తే సగం భారం దిగినట్టే.

బయల్దేరేముందు పైలట్లకిచ్చే హెచ్చరికలూ చూసుకోవాలి. రన్‌వే మరమ్మతుకి మూసి ఉండొచ్చు. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలప్పుడు న్యూయార్కు చుట్టూ ఆకాశంలో ఆంక్షలుంటాయి.

ఆ శుక్రవారం సాయంత్రం

ఎడిసన్‌కి ఉత్తరాన ఓ 40 కిలోమీటర్ల దూరంలో ఎసెక్స్ కౌంటీ విమానాశ్రయం ఉంది. 1999 జులై 16, శుక్రవారం. మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ ఎఫ్ కెనడీ జూనియర్ అక్కణ్నుంచి తన పైపర్ సరటోగాలో బయల్దేరాడు. వెంట భార్య, ఆమె అక్క. వదినగారిని మార్తాస్ వినియార్డ్ దీవిలో దింపి, అక్కణ్నుంచి చుట్టాల పెళ్లికి వెళ్లాలి. అనుకున్నదానికంటే ఆలస్యమైంది. విమానం లేచేసరికి రాత్రి 8:38. పొద్దు గుంకిపోయింది.

ఆయనకున్న అనుభవం సుమారు 310 గంటలు. పరికరాలతో నడిపే అర్హత ఇంకా రాలేదు. తీరం వెంట కొంత దూరం వెళ్లి, సముద్రం మీదికి తిరిగాడు. కింద నీళ్లు, చుట్టూ మసక, చీకటి. ఆకాశమేదో సముద్రమేదో తెలియని స్థితి. విమానం సముద్రంలో కూలింది. ముగ్గురూ చనిపోయారు. మసకచీకట్లో పైలట్‌కి దిక్కు తెలియక అదుపు తప్పిందని మరుసటి ఏడాది దర్యాప్తులో తేల్చారు.

ఆ సాయంత్రం ఆయన మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ దారి పొడవునా తీరం వెంట దిగడానికి విమానాశ్రయాలున్నాయి. సముద్రం మీదికి తిరిగేముందు ఏదో ఒకచోట దిగి, రాత్రికి ఆగి, పొద్దున్నే వెళ్లే వీలుంది. కుటుంబంతో ఎగిరే ప్రతి పైలట్‌కీ పాతికేళ్లు దాటినా ఆ ప్రమాదం గురించి చెబుతూనే ఉంటారు. చుట్టాలు ఎదురుచూస్తుంటే, పెళ్లో పేరంటమో ముంచుకొస్తుంటే 'ఆగిపోదాం' అనడం గాల్లో ఉన్నప్పుడు చాలా కష్టం. ఆ మాట నేల మీద ఉన్నప్పుడే అనుకుని ఉంచుకోవాలి. ఆగే చోటు, అక్కడి ఫోను నంబరు, కారు, గది ముందే చూసిపెట్టుకుంటే, ఆగడం ఓటమిలా కాకుండా అనుకున్న పథకంలో భాగంలా ఉంటుంది.

మన దగ్గర సొంత విమానంలో చుట్టాలింటికెళ్లే కుటుంబాలు అరుదు. హైదరాబాద్‌లో 2008 మార్చిలో ఎయిర్‌లైన్సు విమానాలు శంషాబాద్‌కి తరలాక, ప్రైవేటు విమానాలకూ ప్రముఖుల ప్రయాణాలకూ బేగంపేట ఉపయోగపడుతోంది. అద్దె విమానం మాట్లాడుకున్నా అడగాల్సిన ప్రశ్నలు అవే. దిగే ఊళ్లో విమానాశ్రయం ఎంతవరకు తెరిచి ఉంటుంది, పెట్రోలు దొరుకుతుందా, వాతావరణం బాగోకపోతే ఎక్కడికి మళ్లిస్తారు.

ఇక ఎడిసన్ గృహప్రవేశం సంగతి. తెలివైన అన్నయ్య ఆదివారం తెల్లవారుజామున బయల్దేరడు. శనివారం పొద్దున్నే బయల్దేరతాడు. స్టేట్ కాలేజ్‌లో అద్దెకారు ముందే చెప్పి ఉంచుతాడు, అక్కర్లేకపోతే రద్దు చేస్తాడు. తమ్ముడికి ఫోన్ చేసి 'మబ్బు పడితే కారులో వస్తాం, రాత్రి పొద్దుపోతుంది, భోజనానికి చూడకండి' అని చెబుతాడు. మరదలు 'అయ్యో బావగారూ, మీకోసం గుత్తివంకాయ చేస్తున్నా' అంటుంది. అననీ. రాత్రి పదకొండింటికైనా వంకాయ కూర వేడి చేసుకోవచ్చు.